ఎవరి వీపు వారికి కనపడదు

మైకేల్ లూయిస్ 2006లో రాసిన ‘ద బ్లైండ్ సైడ్’ను ఈ మధ్య రెండోసారి చదివాను. మొదటిసారి చదివినప్పుడు అదొక నిరుపేద కుర్రవాడి కథగా తోచింది. ఈసారి అది వీపు గురించి రాసిన పుస్తకంలా కనిపించింది. 1985 నవంబరు 18 రాత్రి జరిగిన ఒక ఆటతో పుస్తకం మొదలవుతుంది. బంతి విసరబోతున్న జో థైస్‌మన్ మీదికి లారెన్స్ టేలర్ వచ్చి పడతాడు. మోకాలి కింది ఎముకలు రెండూ విరుగుతాయి. థైస్‌మన్ ఆట జీవితం అక్కడితో ముగిసిపోతుంది. కుడిచేతి వాటం గల క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి పక్కకు తిరిగినప్పుడు, ఎడమవైపు నుంచి వచ్చే ప్రమాదం అతని కంటికి ఆనదు. అటు కాపలా కాసేవాడిని లెఫ్ట్ ట్యాకిల్ అంటారు. జనం పెద్దగా పట్టించుకోని ఆ స్థానానికి అంత విలువ ఎందుకు వచ్చిందో లూయిస్ చక్కగా వివరిస్తాడు.

పుస్తకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకోవడానికి కారణం ఒక సిడ్నీ కుర్రవాడు. 2025 ఫిబ్రవరి 10, సోమవారం నాడు, ఆసుపత్రి టీ గదిలో, రెండు ఆపరేషన్ల నడుమ సూపర్ బౌల్ కొంత చూశాను. అమెరికాలో అప్పటికింకా ఆదివారం రాత్రే. ఫిలడెల్ఫియా ఈగిల్స్ 40–22 తేడాతో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది. గెలిచిన జట్టు లెఫ్ట్ ట్యాకిల్ జోర్డన్ మైలాటా. బ్యాంక్స్‌టౌన్‌లో, సమోవా మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు. ఎత్తు రెండు మీటర్ల పైన, బరువు నూట యాభై కిలోల పైన. రగ్బీ లీగ్ ఆడుతూ పెరిగిన అతను అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడకుండానే, 2018లో ఏడో రౌండులో, 233వ ఎంపికగా ఈగిల్స్ జట్టులో చేరాడు.

రగ్బీ లీగ్‌లో బంతి పట్టుకుని ముందుకు దూసుకుపోవాలి. బంతి లేని మనిషిని అడ్డగిస్తే తప్పు కింద లెక్క. లెఫ్ట్ ట్యాకిల్ పని దీనికి పూర్తిగా తలకిందులు. బంతి అతని చేతికి దాదాపు ఎన్నడూ రాదు. నడుము దించి, వెనక్కి జరుగుతూ, ఎదుటివాడి ఛాతీకి చేతులు ఆన్చి, బంతి లేని ఆ మనిషినే కొన్ని క్షణాలు నిలవరించాలి. అంటే మైలాటాకు కొత్త విద్య నేర్పడంతో పాటు, ఒంట్లో ఇంకిపోయిన పాత విద్యను మరపించాలి. ఆ పని ఈగిల్స్ లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లండ్ మీద పడింది. 2018, 2019 సీజన్లలో మైలాటా ఒక్క లీగ్ ఆటలోనూ దిగలేదు. వెన్ను గాయం కూడా తోడైంది. 2020లో, తనకన్న ముందున్నవారు గాయపడ్డాక, అతనికి అవకాశం వచ్చింది. 2021లో ఆ స్థానం అతని సొంతమైంది. అమెరికాలో టీవీ ప్రసారంలో ఆటగాళ్ళు తాము చదివిన కాలేజీ పేరు చెప్పుకునే ఆనవాయితీ ఉంది. ఏ కాలేజీకీ ఆడని మైలాటా, తనది ‘జెఫ్ స్టౌట్‌లండ్ యూనివర్సిటీ’ అని చెప్పుకున్నాడు.

కోచ్ అనగానే మన ఊహలో మెదిలేది విరామ సమయంలో ఆవేశంగా ప్రసంగించే మనిషి. అది సినిమాలు గీసిన బొమ్మ. మన వైపూ ఇంతే. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచినప్పుడు, పుల్లెల గోపీచంద్ ఆమె ఫోనును నెలల తరబడి దూరం పెట్టించిన ముచ్చట ఇంటింటా చెప్పుకున్నాం. గచ్చిబౌలి కోర్టులో ఆమె అడుగును, మణికట్టును ఆయన ఎన్నిసార్లు సరిదిద్ది ఉంటారో ఎవరమూ అడగలేదు. కాఠిన్యం కథకు అందుతుంది, సవరణ అందదు. కానీ ఆటను నిజంగా మార్చేది సవరణే అని నా నమ్మకం. పాదం జానెడు పక్కకు పడటం, చెయ్యి అర క్షణం ఆలస్యం కావడం ఆటగాడికి తెలియవు. చూసే కన్ను ఒకటి కావాలి. ఆ కన్ను చెప్పింది ఒంటికి పట్టేదాకా ఓపిక కావాలి.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది తేలికగా కొట్టిపారేయదగినది కాదు. అంతటి దేహం, అంతటి చురుకుదనం ఉన్నవాణ్ణి ఎవరు తయారుచేసినా తయారయ్యేవాడు కాదా? 2019లో ఈగిల్స్ మొదటి రౌండులోనే, 22వ ఎంపికగా, ఆండ్రే డిలార్డ్‌ను అదే స్థానానికి తెచ్చుకుంది. అతను కాలేజీలో ఆ ఆట నేర్చి వచ్చినవాడు. ఇద్దరికీ కోచ్ ఒక్కరే, గది ఒక్కటే. 2021లో స్థానం మాత్రం మైలాటాకు దక్కింది. కనుక కోచ్ విత్తనాన్ని సృష్టించలేడన్నది ఒప్పుకోవాలి. అయితే మరో ఆస్ట్రేలియన్ కథ కూడా గుర్తుంచుకోవాలి. రగ్బీ లీగ్‌లో రెండుసార్లు డాలీ ఎం పతకం గెలిచిన జారిడ్ హేన్, 2015లో శాన్ ఫ్రాన్సిస్కో 49అర్స్ తరఫున ఎనిమిది ఆటలు ఆడాడు. ఆ సీజన్ ముగియగానే హెడ్ కోచ్‌ను తప్పించారు. కొన్ని నెలలకు హేన్ ఆ ఆటే వదిలేశాడు. ఈగిల్స్‌లోనూ 2021లో హెడ్ కోచ్ మారాడు, కానీ స్టౌట్‌లండ్ మారలేదు. హేన్ స్థానం వేరు, వయసు వేరు. రెండు కథలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. అయినా తర్ఫీదుకు కాలం ఎంత ముఖ్యమో, ఆ కాలమంతా ఒకే కన్ను చూస్తూ ఉండటం ఎంత అరుదో వాటివల్ల తెలుస్తుంది.

గురువుకు పేరు కట్టబెట్టే ఉత్సాహంలో శిష్యుడి బుద్ధిని మరచిపోయే ప్రమాదమూ ఉంది. లూయిస్ పుస్తకాన్ని 2009లో సినిమాగా తీసినప్పుడు, అందులో మైకేల్ ఓర్‌ను చేరదీసిన ఇల్లాలు మైదానంలోకి వచ్చి ఎవరిని కాపాడాలో అతనికి నేర్పుతుంది. ఓర్ 2011లో రాసిన ‘ఐ బీట్ ది ఆడ్స్’లో దీని మీద నొచ్చుకున్నాడు. చిన్నప్పటి నుంచి తాను ఆటను శ్రద్ధగా గమనిస్తూ వచ్చానని, తెర మీద తనను ఏమీ తెలియనివాడిగా చూపారని అతని బాధ. అతని బాధలో న్యాయముంది. సవరణను అందుకోవడం కూడా ఒక విద్యే.

వైద్యుడినైన నాకు ఇదంతా ఎందుకు పట్టింది? 2011లో అతుల్ గవాండే ‘న్యూయార్కర్’ పత్రికలో రాసిన ‘పర్సనల్ బెస్ట్’ వ్యాసం దీనికి జోడుగా చదవదగ్గది. సర్జన్‌గా తన ఫలితాలు ఒక స్థాయికి చేరి ఆగిపోయాయని గమనించిన గవాండే, రిటైరైన తన గురువు రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ థియేటరుకు పిలుస్తాడు. ఆపరేషన్ బాగా జరిగిందనుకున్న రోజునే ఆస్టీన్ కాగితం నిండా రాసుకుని వస్తాడు: మోచెయ్యి పైకి లేస్తోంది, దీపం గాయం మీది నుంచి పక్కకు జరిగిపోయింది, కప్పిన గుడ్డల వల్ల సహాయకుడికి చోటు చాలలేదు. అన్నీ చిన్నవే. చేసే మనిషికి ఒక్కటీ కనపడలేదు.

ఆస్ట్రేలియాలో 2023 నుంచి వైద్యులు ఏడాదికి 50 గంటల నిరంతర శిక్షణ చూపాలి. అందులో కనీసం సగం తమ పనితీరు సమీక్షకు, ఫలితాలను కొలుచుకోవడానికి కేటాయించాలి. మంచి నియమమే. కానీ గంటలు నింపడం తేలిక; మరొకరి కంటి ముందు నిలబడటం కష్టం. పీజీ రోజుల్లో మా ప్రొఫెసరు గారు వెనక నిలబడి, మాటైనా అనకుండా, నా మోచేతిని వేలితో తట్టేవారు. అప్పుడది అవమానంగా ఉండేది. ఆ వేలు తగలక పదిహేనేళ్ళు దాటింది. ఈ పదిహేనేళ్ళలో నా చెయ్యి ఎంత పక్కకు జరిగిందో నాకు తెలియదు.

ఈమధ్యే రిటైరైన ఒక సీనియర్‌ను, ఒక్క రోజు నా థియేటరుకు వచ్చి చూడమని పోయిన వారం అడిగాను. ఆ మాట నోట రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆయన నవ్వి, “ఎప్పుడు రమ్మంటావు?” అన్నారు.