నాయనమ్మ చరిత్ర నెవరు వ్రాయవలెను?

తర్పణము విడుచు ఆచారము గల యిండ్లలో తల్లిని వసురూపముగను, నాయనమ్మను రుద్రరూపముగను, ఆమె యత్తగారిని ఆదిత్యరూపముగను భావించి గోత్రనామములతో తిలోదకము లిచ్చుట మన మెరిగినదే. ఆపై తరము స్త్రీ పేరు సామాన్యముగా నెవరికిని జ్ఞాపకముండదు. శాస్త్రము పేరునైనను మూడు తరములు నిలిపినది. ఆ పేరు గల మనిషి యేమి చేసెనో, దేనికి నవ్వెనో, ఎవరితో మాటలు మానెనో జ్ఞాపక ముంచుకొను భారమును మనకు విడిచినది. దానిని మనము మోయుట లేదు. పత్రికలలో పడు శ్రద్ధాంజలి ప్రకటనలలో పూలదండ నడుమ పటము, దాని క్రింద కుమారుల యుద్యోగములు, మనుమల విదేశనివాసములు కానవచ్చును. వీరినందరిని పెంచిన యామెను గూర్చి ఒక్క పంక్తియు నుండదు.

గృహిణి జీవితమున వ్రాయదగిన దేమున్నదని చదువుకొన్నవారే అడుగుచుందురు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిన ఆ బహిష్కార దినములలో, వంటకును నీళ్లకును మనుష్యులు రాకపోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీరు మోసి తెచ్చి వండి పెట్టిరి. ఉపన్యాసము లెన్ని యిచ్చినను నాడు పొయ్యి వెలుగకున్న పెండ్లి సాగియుండునా? ఈ సంగతి మనవరకు వచ్చుటకు ఆమె భర్త గ్రంథకర్త యగుట కొంత కారణము. భర్త గ్రంథకర్త కాని యిల్లాండ్ర మాట యేమి?

మా నాయనమ్మకు అక్షరములు రావు. పాల లెక్క వంటయింటి గుమ్మము ప్రక్క గోడమీద బొగ్గుగీతలుగా నుండెడిది: సోలకు నిలువుగీత, అరసోలకు పొట్టిగీత, పాలు రాని పూటకు సున్న. నెలాఖరున పాలు పోయు మనిషి యెంత వాదులాడినను గోడ మాటయే నెగ్గెడిది. సంక్రాంతికి వెల్ల వేయగానే ఏడాది లెక్కయంతయు మాసిపోయెడిది. ఆమె తలలోనిది మాత్రము మాసెడిది కాదు, చాకలిపద్దు మొదలు ఇరుగుపొరుగుల బియ్యపు బదుళ్ల వరకు. ఆమె పోయిన పిమ్మట బంధువు లందరును గోంగూరపచ్చడినే పొగడిరి. రాబడిపోకలు చూచుకొని సంసారమును గట్టెక్కించిన ఖ్యాతి తాతగారి పేర జమ యైనది!

పూర్వపు స్త్రీలు బందరు ఉప్పెనకు వెనుక ననియు, ధాత కరువునకు ముందనియు తమ పుట్టుకను చెప్పుకొనెడివారు. 1864 నాటి యా యుప్పెనయు, 1876లో మొదలైన యా కరువును దొరతనమువారి కాగితములలో అంకెలుగా మిగిలినవి. తాను పస్తుండి పిల్లలకు గంజి పోసిన తల్లి ఏ కాగితమున కెక్కినది? ఆ కథ చెప్పగలిగిన మనుమరాండ్రును ఏనాడో వెళ్లిపోయిరి.

కావున సంవత్సరీకమునకు బంధువులు కూడినపుడు, భోజనములైన వెంటనే రైలు వేళ చూచుకొనక, ఒక పూట కూర్చుండి ఆమె జీవితమును వ్రాసికొనవలెనని నా మనవి. పుట్టినింటి పేరేమి, కాపురమునకు వచ్చునాటికి వయసెంత, పురుళ్లెన్ని, దక్కని బిడ్డ లెందరు, తనకై తాను కొనుక్కొన్న వస్తు వేదైన నున్నదా యని అడుగవలెను. మొదట కూతుండ్ర నడుగుట మేలు. కొడుకులకు ఆమె వడ్డించినది తెలియును. బియ్యము నిండుకొన్ననాడు దొడ్డిదారిని ఎవరింటికి పోయి బదులు తెచ్చెనో కూతుండ్రకు తెలియును. తర్పణమున వారికి పాలు లేదు గనుక ఆనాడు వారు వంటయింటనే యుందురు. వారిని ముందుగా అచ్చటినుండి పిలువవలెను. వంట ఆ పూటకు కొడుకులు చూచుకొనవచ్చును.