బేరం కుదిరాక బండి ఎన్నాళ్లు కాయాలి?

బనగానపల్లెలో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన పాత కారుకు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఎవరో అడ్వాన్సు పంపి, వచ్చే వారం వస్తానంటూ నెలలు జరిపితే, ఆ నష్టం అమ్మినవారి తలరాత అనుకోనక్కర్లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, బండి సిద్ధంగా ఉంది తీసుకెళ్లమని అడిగాక కూడా తగిన గడువులో రాని కొనుగోలుదారు, ఆ జాప్యం తెచ్చిన నష్టాన్నీ బండిని కాపాడిన ఖర్చునూ భరించాలి. కాబట్టి ఆఖరి తేదీని అడ్వాన్సు తీసుకున్న రోజే రాసుకోవాలి. లోను ఆలస్యమైతే కొన్నవారేం చేస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. ఒకసారి గడువు పెంచొచ్చు. అయితే మొహమాటానికి పోయి, కాగితాలు లేకుండా తాళాలివ్వడం ప్రమాదకరం. రిజిస్టరులో పేరున్నవారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహార బాధ్యతా వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తాళాలిచ్చిన రోజే యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాలపై సంతకాలు చేయించి, రాష్ట్రంలోపలి అమ్మకమైతే 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి.