బండికొక దారి, మనిషికొక దారి

పత్తి బేలు సుమారు 170 కిలోలు తూగును. దానిని మోయుటకు ఫోర్క్‌లిఫ్ట్ వచ్చుట హమాలీ నడుముకు మేలే. కాని ఆ బండి వెనుక చక్రములతో మళ్లును. మలుపులో దాని వెనుక భాగము విసురుగా పక్కకు తిరుగును. బరువు పైకెత్తి నడిపిన ఒరిగిపోవును. ముందు బేళ్లున్న డ్రైవరుకు దారి కానరాదు.

ప్రమాదము జరుగగానే డ్రైవరును నిందింతుము. నా అభిప్రాయమున దోషము చాలవరకు గిడ్డంగి ఏర్పాటులోనే కలదు. బండికి, మనిషికి వేరువేరు దారులు గీయవలెను. పిడుగురాళ్లలో సున్నమునకు కొదువా? బరువును జానెడెత్తు మించనీయక, చూపు అడ్డమైనచో వెనుకకు నడుపవలెను. తర్ఫీదు లేనివానికి తాళపుచెవి ఇయ్యరాదు.

గీత గీయించుట యజమాని విధి. సరుకు చూచుకొన వెళ్లిన మీరును దానిని దాటకుడు. లారీ ఆలస్యమైన నష్టము తీరును. మనిషి పోయిన తీరదు.