సిద్ధాంత గ్రంథములకీ చెఱ యేల?

గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు సీమలను గురించి తగిన పరిశోధన జరుగలేదను మాట యొకటి మన విద్యావంతుల నోట తఱచుగా వినబడుచున్నది. సభలలో నీ మాట ననుటయు, విన్నవారు నిట్టూర్చుటయు నొక యాచారమైపోయినది. ఈ మాట నిజము కాదు. పరిశోధన జరిగినది. దాని ఫలము మాత్రము మన చేతికి రాలేదు. లేకపోవుట వేఱు, కనబడకపోవుట వేఱు. ఈ రెంటికి గల భేదమును పాలమూరు వారికి మఱియొకరు బోధింపవలసిన పనిలేదు. తెలంగాణములో కవులే లేరని యొకరు తేలికగా వ్రాసిపాఱవేసిన కాలమున, ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల సురవరము ప్రతాపరెడ్డిగారు వట్టి వాదమునకు దిగక, 354 మంది కవుల పద్యములను ప్రోవుచేసి 1934లో గోలకొండ కవుల సంచికగా లోకము ముందుంచిరి. ఆ కవులు సంచిక వెలువడిన నాడు పుట్టినవారు కారు. అంతకుముందే యుండిరి, వ్రాసిరి, కొందఱు గతించిరి. వారికి లేనిదల్లా ఒక పట్టిక, ఒక చోటు, అడిగినవారికి చూపగల యొక చేయి. నేడు మన పరిశోధకుల సిద్ధాంత గ్రంథములకు లేనిదియు నదియే.

సిద్ధాంత గ్రంథమనగా పట్టము కొఱకు వ్రాసిన కాగితముల కట్ట యని కొందఱు తేలికగా చూతురు. అట్టివి లేకపోలేదు. కాని యొక విద్యార్థి నాలుగైదేండ్లు గ్రామములు తిరిగి, మగ్గము ముందు కూర్చుండి నేతగాని కూలి లెక్క వ్రాసికొని, వలసపోయి వచ్చిన కూలివాని యప్పు పత్రము చూచి, శ్రీశైలము జలాశయమున మునిగిన యూళ్లవారి నష్టపరిహారపు గాథ విని, అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల పెంటలలో రాత్రులు గడపి వ్రాసిన గ్రంథము వేఱొక పుస్తకమున దొరకదు. వార్తాపత్రికలు ఒక దినము వ్రాసి మఱచును. ప్రభుత్వ నివేదికలు తమకు కావలసినంత వఱకే చెప్పును. ఊరి పేరుతో, ఏటి పేరుతో, అంకెతో వివరము దొరకు చోటు సిద్ధాంత గ్రంథమొక్కటే. జూరాల నీటి పంపకము మీద వాదులాడువారు, రాజోలిబండ కాలువ చివరి పొలముల కొఱకు మహజరులు వ్రాయువారు, గద్వాల చీరకు న్యాయమైన ధర కోరువారు, విత్తన పత్తి చేలలో పనిచేయు పిల్లల మేలు కోరువారు, వీరందఱికిని కావలసిన సాక్ష్యములు విశ్వవిద్యాలయముల బీరువాలలో నున్నవి. ఆ సంగతి వారికి తెలియదు. తెలిసినను వాకిలి తెఱచువారు లేరు.

అచ్చుపడిన గ్రంథముల భాగ్యము వేఱు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగులో మొట్టమొదటి డాక్టరు పట్టము పొందిన బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో పుస్తకమై వెలువడినది గనుక నేటికిని చదువరుల చేతిలో నున్నది. తూమాటి దొణప్పగారు ఆంధ్ర సంస్థానముల సాహిత్య పోషణమును గూర్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథము 1969లో అచ్చయినది గనుక, విద్వద్గద్వాలయని మనము చెప్పుకొను మాట వెనుక నెందఱు పండితులున్నారో, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు ప్రభువు లెవరెవరిని పోషించిరో నేటి విద్యార్థి తెలిసికొనగలుగుచున్నాడు. అచ్చుపడనిచో దొణప్పగారి శ్రమ యంతయు వాల్తేరులో నొక యలమారు పాలయ్యెడిది. అట్లు పాలైన శ్రమలెన్నో! అచ్చువేయించుకొను స్తోమత గలవాని పరిశోధన బ్రతుకును, బీదవాని పరిశోధన చచ్చును. విద్యాలోకమున నింతకంటె సిగ్గుమాలిన న్యాయముండునా?

ఇంకొక చిత్రము. మన సంస్థానములను గూర్చి అమెరికా దేశపు పరిశోధకుడు బెంజమిన్ కోహెన్ పనిచేసి, 1850 మొదలు 1948 వఱకు దక్కనులోని రాజఱికము, వలస పాలనల సంబంధమును విచారించి 2007లో ఆంగ్లమున పుస్తకము ప్రకటించెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు కథ అందులో గలదు. ఆయన శ్రమను మేము మెచ్చుకొనుచున్నాము. కాని గద్వాల కోట నీడలో పెరిగిన బాలునకు తన యూరి చరిత్ర సముద్రములు దాటిన ప్రచురణకర్త కేటలాగులో సులభముగా కనబడి, తన రాష్ట్ర రాజధానిలో తనవంటివాడే తెలుగున వ్రాసిన గ్రంథము కనబడకుండుట యెట్టి యవస్థ?

ఏమియు జరుగలేదని మేమనము. 2009లో యూ.జీ.సీ. నియమావళి ప్రకటించి, పట్టము ప్రసాదింపబడిన 30 దినములలో సిద్ధాంత గ్రంథపు ప్రతిని గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమునకు పంపవలెనని విధించెను. అక్కడ శోధగంగయను పేర నేర్పడిన భాండారమున నేడు లక్షలాది గ్రంథములు గలవు. అంతకుముందే మైసూరు విశ్వవిద్యాలయము విద్యానిధి యను పేర నీ మార్గమున తొలి యడుగులు వేసినది. రుసుము లేదు, సభ్యత్వము లేదు. చేతిలో ఫోను గల యే గ్రామీణుడైనను తెఱచి చదువవచ్చును. స్వతంత్ర భారతమున విద్య కొఱకు జరిగిన మంచి పనులలో నిది యొకటి. అయితే గంగ భగీరథుని వెంట వచ్చినది గాని పాలమూరు పొలములకు రాలేదు. కారణములు చెప్పెదము.

మొదటిది పేర్ల గొడవ. భాండారమున వెదకుట ప్రాయికముగా ఆంగ్లాక్షరములతో. వనపర్తి యను పేరును ఒకడు డబ్ల్యూతో మొదలుపెట్టును, ఇంకొకడు వీతో మొదలుపెట్టును. చివర తికారమునకు ఒకడు హెచ్ చేర్చును, ఒకడు చేర్చడు. గద్వాలలోని వకారమునకును అదే గతి. కడపట దీర్ఘమున్నదా లేదా యనుట వ్రాసినవాని యిష్టము. నాగరకర్నూలు ఒకనికి ఒక్క మాట, మఱియొకనికి రెండు మాటలు. మహబూబునగరమునకు గల వర్ణక్రమములు లెక్కింపబూనుట వృథా. ఒక రూపముతో వెదకిన వానికి రెండవ రూపమున నున్న గ్రంథము దొరకదు. దొరకలేదు గనుక లేదనుకొనును. లేదనుకొని తన వ్యాసము పీఠికలో ఈ విషయముపై నింతవఱకు పరిశోధన జరుగలేదని ధైర్యముగా వ్రాయును. ఆ వాక్యము నింకొకడు చూచి నమ్మును. అబద్ధము ఈ విధముగా పాండిత్యమగుచున్నది!

రెండవది జిల్లాల విభజన. ఈ మూడు పట్టణములు జిల్లా కేంద్రములైనది 2016 అక్టోబరు 11వ తేదీన. అంతకుముందు వ్రాసిన గ్రంథములన్నియు మహబూబునగర జిల్లా పేరుతో నుండును. 2014కు ముందటివి ఆంధ్రప్రదేశ్ పేరుతో, అంతకు పూర్వపు విషయములవి హైదరాబాదు రాజ్యము పేరుతో నుండును. జోగులాంబ గద్వాల జిల్లా యని వెదకిన విద్యార్థికి ఆ పేరు పుట్టకముందటి పరిశోధన యంతయు చీకటిలో నుండును. ఆలంపురము దేవాలయములు వెయ్యేండ్లకు పైబడినవి. వాని జిల్లా పేరు వయస్సు పదేండ్లు. పేరు మార్చిన ప్రభుత్వమునకు పాత పేరును కొత్త పేరును కలుపు సూచిక యొకటి తయారుచేయవలెనను తలంపే రాలేదు.

మూడవది మన భాష కలుగుచున్న అవమానము. తెలుగున వ్రాసిన సిద్ధాంత గ్రంథములకు ఒకచోట ఆంగ్లానువాదము, ఒకచోట రోమను లిపిలో తెలుగు శీర్షిక తగిలింపబడుచున్నది. లోపలి పుటలు పెక్కింట ఛాయాచిత్రములవలె ఎక్కింపబడినవి గనుక అందలి యొక్క మాటనైనను యంత్రము వెదకి పట్టలేదు. డి.టి.పి. దుకాణముల అను ఖతులతో కూర్చినవి మఱియు వింత. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని గుర్తుల గుంపు. తెలుగు శాఖలలో పనిచేయువారు యూనికోడు వచ్చి యిన్నేండ్లయినను విద్యార్థులను ఆ లిపిలో వ్రాయుడని యేల యొత్తిడి చేయరు? తెలుగు గొప్పదనమును గూర్చి యేటేట ఉపన్యసించువారికి తెలుగు వెదకుటకు వీలుగా నుండవలెనను చిన్న కోరిక యుండవద్దా?

నాల్గవది పాత గ్రంథముల సంగతి. 2009కి పూర్వపువి టైపు కాగితముల మీద, చేవ్రాతలలో నున్నవి. వానిని ఎక్కించుట విశ్వవిద్యాలయముల శ్రద్ధను బట్టి నడచుచున్నది. ఎంఫిల్ పట్టము సంగతి యింకను దయనీయము. 2022 నియమావళి ఆ పట్టమునే తీసివేసినది. ఒక మండలము, ఒక కవి, ఒక జాతర, ఒక కులవృత్తి, ఇట్టి చిన్న విషయములను పట్టుకొని వ్రాసినవి ఆ చిన్న వ్యాసములే. మన ప్రాంతమునకు పెద్ద గ్రంథములకంటె నవియే యెక్కువ పనికివచ్చును. పట్టము పోయినది గనుక వాని నడుగువాడు పోయెను. చెదలు మాత్రము పోలేదు.

దీనికి ప్రతివాదులు చెప్పు మాటలు మాకు తెలియును. సిద్ధాంత గ్రంథమును బహిరంగపఱచిన దొంగలు ఎత్తివ్రాయుదురట! బీరువాలో నున్న గ్రంథమును ఎత్తివ్రాసిన దొంగను పట్టువాడెవడు? మూల మెవరికిని కనబడదు గనుక దొంగకు అదియే క్షేమము. నలుగురు చదువుచోట దొంగతనము నిలువదు. రచయిత హక్కు మాటందురు. హక్కు రచయితదే, కాదనము. రచయిత పుస్తకముగా వేసికొనదలచిన కొంతకాలము గడువు నిచ్చుటలో దోషము లేదు. ముప్పదియేండ్లుగా అచ్చువేయని రచయిత పేర గ్రంథాలయాధికారి తాళపుచెవి బిగబట్టుట హక్కు రక్షణము కాదు. ఇంక గ్రంథములు నాసిగా నున్నవి, చూపిన పరువు పోవునని లోలోపల ననుకొనువారు గలరు. వారికి మా సమాధానము సులువు: పరువు పోవునను భయముండిన గాని పర్యవేక్షకులు గ్రంథమును పూర్తిగా చదివి సంతకము చేయరు.

డబ్బు లేదందురేమో. ఒకే దేశము, ఒకే చందా యను పథకము క్రింద కేంద్ర ప్రభుత్వము 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెప్పించుచున్నది. పరదేశపు జ్ఞానము వలదని మేమనము. కాని పరుల పత్రికలకు వేలకోట్లు చెల్లింపగల దేశము, తన బిడ్డలు తన ధనముతో వ్రాసిన గ్రంథములను స్కాను చేయించుటకు కాసులు లేవనుట వినుటకే రోతగా నున్నది. పరిశోధక వేతనము ప్రజాధనము. విశ్వవిద్యాలయ భవనము ప్రజాధనము. చిట్టచివర పుట్టిన గ్రంథము మాత్రము ప్రజలది కాదా?

ఇతర దేశముల స్థితిగతులను కూడ చూడుడు. అమెరికాలో 1938లో యూజీన్ పవర్ స్థాపించిన మైక్రోఫిల్ము సంస్థ సిద్ధాంత గ్రంథములను చేర్చి చేర్చి ప్రోక్వెస్టు అను మహా వ్యాపారమైనది. అక్కడ పట్టికయు గలదు, వెలయు గలదు. ఫ్రాన్సు తన గ్రంథముల కొక జాతీయ సూచికను నడుపుచున్నది. బ్రిటిషు గ్రంథాలయము ఈథోస్ అను పేర చక్కని పట్టికను నిర్మించెను గాని, 2023 అక్టోబరులో సైబరు దాడి జరిగి అది చాలకాలము మూతపడినది. సర్వమును ఒక్క యంత్రశాలలో పెట్టి నిద్రపోరాదని దీని వలన తెలియుచున్నది. గాంధీనగరమున నొక ప్రతి చాలదు. గ్రంథము పుట్టిన సీమలోను ఒక ప్రతి యుండవలెను.

ఈ సీమలో ఉంచుటకు చోటులేదా? 2008లో నేర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయమునకు గద్వాలలోను, వనపర్తిలోను, కొల్లాపురములోను పోస్టుగ్రాడ్యుయేటు కేంద్రములు గలవు. మూడు జిల్లాలకును గ్రంథాలయ సంస్థలు గలవు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకమును ప్రజలు చెల్లించుచునే యున్నారు. నాగరకర్నూలులో కపిలవాయి లింగమూర్తిగారు (1928–2018) జీవితకాలము పాలమూరు దేవాలయములను, స్థలచరిత్రలను శోధించి వ్రాసిరి. వారి పుస్తకములను ఉదాహరించి డాక్టరు పట్టములు పొందినవారు తమ గ్రంథపు ప్రతి నొకదానిని ఆ యూరి గ్రంథాలయమునకు పంపిరా యని యడుగుచున్నాము. పంపినవారికి మా నమస్కారము. తక్కినవారు ఈ వారమే పంపవచ్చును, తపాలా ఖర్చు స్వల్పము.

2025లో శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టెను. పేరు పెట్టుట సులభము. ఆ పేరుగల సంస్థ తన తెలుగు సిద్ధాంత గ్రంథములన్నింటి పట్టికను తెలుగు లిపిలో, ఊరి పేరుతో, తాలూకా పేరుతో, పాత జిల్లా కొత్త జిల్లా పేర్లతో, రచయిత, పర్యవేక్షకుల పేర్లతో ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. ఉస్మానియా, పాలమూరు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములు తమ పట్టికలను దానికి జోడింపవలెను. పాలమూరు విశ్వవిద్యాలయమువారు తమ మూడు కేంద్రములలో నొక్కొక్క బల్ల, ఒక్కొక్క కంప్యూటరు కేటాయించి, విద్యార్థి కానివానిని కూడ లోనికి రానీయవలెను. నేతగానికి గుర్తింపు కార్డు అడుగరాదు.

అంతవఱకు పాఠకులు చేతులు కట్టుకొని కూర్చుండవలదు. శోధగంగలో నూరి పేరును నాలుగు విధముల వర్ణక్రమములతో వెదకుడు. మహబూబునగరము పేరుతో వెదకుడు. పర్యవేక్షకుని పేరు తెలిసిన దానితో వెదకుడు, ఒక గురువు క్రింద ఒకే సీమను గూర్చిన గ్రంథములు పెక్కు పుట్టును. దొరికిన గ్రంథపు చివర నున్న ఉపయుక్త గ్రంథసూచిని చదువుడు, దొరకనివాని పేర్లు అచ్చట నుండును. విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారికి వ్రాతమూలముగా అడుగుడు. నోటిమాటకు జవాబు రాదు. కాగితమునకు వచ్చును. గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు సీమలకు సంబంధించిన సిద్ధాంత గ్రంథము తమ యింట గలవారు శీర్షిక, సంవత్సరము, విశ్వవిద్యాలయము పేరు తెలుపుచు మాకొక కార్డు వ్రాసిన, అందినదానిని అందినట్లు వారము వారము ఈ పుటలోనే ప్రకటింతుము.