కౌన్సెలర్ వస్తే చాలదు, కచేరి తీరు మారాలె

మా ధర్పల్లి దిక్కు దీన్ని మనాది అంటరు. తిండి సయించదు, నిద్ర రాదు, పుస్తకం ముందల పెట్టుకుంటే అక్షరం కనబడదు. మా వాడల పిల్లలకు ఈ మనాది కొత్త కాదు. తండ్రి గల్ఫ్‌ల, తల్లి బీడీల చాట ముందు. అటు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి ఎన్నో కుటుంబాలు రోడ్డున పడ్డయి. మిగిలిన ఆశ ఒక్కటే, బిడ్డ చదువు. ఆ బిడ్డ హాస్టల్‌లో ఉన్నది. అక్కడ ఆమె మనసు ఎవరు చూడాలె?

"కౌన్సెలర్లను పెడుతున్నం" అంటరు పెద్దసార్లు. పెట్టిన ఒక హాస్టల్‌లో ఏం జరిగిందో చెప్తం. ఊరి పేరు రాయం. రాస్తే ఆ పిల్ల గుట్టు ఇంకోసారి బజారున పడుతది.

పదో తరగతి పిల్ల. మాదిగ బిడ్డ. వార్డెన్ కులం పేరు తీసి మాట్లాడుతున్నదని, రాత్రిళ్లు నిద్ర పడతలేదని కౌన్సెలర్‌కు చెప్పుకున్నది. పొద్దుగూకే సరికి ఆ మాట వార్డెన్ చెవిన పడ్డది. తెల్లారి పిల్లను అందరి ముందు నిలబెట్టి అడిగిండ్రు. మూడో నాడు తల్లిని పిలిచి "నీ బిడ్డకు పిస్స లేసింది, ఎర్రగడ్డకు తోలుకపో" అన్నరు. ఆ పిల్ల ఇప్పుడు తల్లి పక్కన కూసొని బీడీలు చుడుతున్నది. మిగతా పిల్లలు పాఠం నేర్చుకున్నరు. ఏం పాఠం? నోరు తెరవొద్దు!

తప్పు ఎవరిది? కౌన్సెలరమ్మ చెడ్డది కాదు. కాంట్రాక్టు కొలువు ఆమెది. హాజరు మీద సంతకం పెట్టేది వార్డెన్. కొలువు పొడిగించాలని రాసేదీ ఆ వార్డెనే. ఆమె కూసున్న గదికి తలుపు లేదు. నెలాఖరుకు ఎంతమంది పిల్లలతో మాట్లాడినవని లెక్క అడుగుతరు గాని, ఎంతమంది పిల్లలు నిమ్మళపడ్డరని ఎవ్వరూ అడగరు. ఎవరి మీద ఫిర్యాదు చేయాల్నో వాళ్ల చేతిలోనే ఆమె బువ్వ ఉన్నది. ఇసొంటి కచేరిలో దేవుణ్ని తెచ్చి కూసోబెట్టినా ఇంతే.

ఇది మా ఒక్కల మాట కాదు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో పిల్లల సేవలు చూసే 32 సర్కారు ఆఫీసులను, 250 మంది పిల్లలను పరిశీలించి గ్లిసన్, హెమ్మెల్‌గార్న్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో రాసిండ్రు: సిబ్బంది భయం లేకుండా, ఒకరికొకరు అండగా పనిచేసే ఆఫీసుల్లోనే పిల్లల మనసు బాగుపడ్డది. మన దగ్గర భయానికి తోడు కులం కూడా ఉన్నది.

రోహిత్ వేముల సంగతి గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆస్పత్రి లేదా? ఉన్నది. కానీ అయిదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొడితే వాళ్లు బయట 'వెలివాడ' కట్టుకొని పడుకున్నరు. 2016 జనవరి 17న రోహిత్‌ను పోగొట్టుకున్నం. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ ఏం తేల్చింది? అతని సొంత కారణాలేనట! గాయం చేసేది సంస్థ. రోగం మాత్రం మా పిల్లల తలకాయలో ఉన్నదని రాస్తరు.

చట్టం లేదా? ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల వివక్ష లేని, మంచి నాణ్యమైన వైద్యం హక్కు అన్నది. 23వ సెక్షన్ గుట్టు కాపాడాలన్నది. 2025 జులై 25న సుప్రీంకోర్టు 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలన్నది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇయ్యాలన్నది. దళిత, ఆదివాసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగాలన్నది. కాయితం మీద అన్నీ ఉన్నయి. కాయితాన్ని అమలుచేసే కుర్చీలో ఎవరున్నరన్నదే మా ప్రశ్న.

మేం అడిగేది ఇదీ:

1. కౌన్సెలర్ హాజరు, జీతం, కొలువు వార్డెన్, ప్రిన్సిపాల్ చేతుల్లో ఉండొద్దు. జిల్లా వైద్యశాఖ కింద ఉండాలె.
2. గదికి తలుపు, రిజిస్టర్‌కు తాళం ఉండాలె. గుట్టు బయటపెట్టినోళ్ల మీద చర్య తీసుకోవాలె.
3. ఫిర్యాదు చేసిన పిల్లను ఇంటికి తోలొద్దు.
4. మా కులాల్లో చదువుకున్న ఆడపిల్లలు, మగపిల్లలు ఎంతోమంది ఉన్నరు. వాళ్లకు ఈ కొలువులియ్యాలె.
5. హాస్టల్ కమిటీలో తల్లిదండ్రులను కూసోబెట్టాలె.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా! మనాది సిగ్గుపడే సంగతి కాదు. టెలీ మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడన్నా తెలుగులో మాట్లాడొచ్చు. మీకు నమ్మకమున్న ఒక్కరికన్నా చెప్పండి. ఒంటరిగ ఉండకండి.

సంఘాల అన్నలారా, అక్కలారా! అంబేద్కర్ విగ్రహానికి దండేసి ఊకుంటే సరిపోదు. వచ్చే సంచిక లోపల మీ మండలంలోని హాస్టల్‌కు పోండి. కౌన్సెలర్ ఉన్నదా, గదికి తలుపున్నదా, ఆమె హాజరు మీద సంతకం ఎవరు పెడుతున్నరు, ఈ ఏడు ఎందరు పిల్లలు మధ్యలో ఇంటికి పోయిండ్రు, ఈ నాలుగు అడగండి. పిల్లల పేర్లు మాత్రం అడగకండి. జవాబులు మాకు రాసి పంపండి. అచ్చేస్తం, కలెక్టరేట్‌కు పట్టుకపోతం.

జై భీం!