గేమ్ మిషన్లకి 1/70 లేదు

పోస్టు కొంచెం పెద్దదే. తిట్టాలనుకున్నవాళ్ళు కూడా పూర్తిగా చదివాకే తిట్టండి.

అరకు దారిలో టూరిస్టులు ఆగేచోట టిఫిన్ హోటళ్ళు, కాఫీ కొట్లు, బొంగు చికెన్ బళ్ళు నడుపుకుంటున్న మనవాళ్ళ దగ్గరికి ఇప్పుడు కొత్త బేరం ఒకటి వస్తోంది. కింద నుంచి ఒకాయన వస్తాడు. "మీరు రూపాయి పెట్టక్కర్లేదు. ఒక మూల ఆరడుగుల జాగా, ఒక ప్లగ్ పాయింటు ఇవ్వండి చాలు. మిషన్ నాది, రిపేరు నాది, వచ్చినదాంట్లో సగం మీది" అంటాడు. మిషన్ అంటే గేమ్ మిషన్. గాజు పెట్టెలో బొమ్మలుండి పైనుంచి ఇనుప గోళ్ళు దిగేది ఒకటి, స్టీరింగ్ ఉన్న కారు రేసు ఒకటి. మా బావకి కూడా ఇదే బేరం వచ్చింది. "ఒరేయ్, చదువుకున్నోడివి కదా, పెట్టమంటావా వద్దంటావా?" అని నన్నడిగాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు.

ముందు ఒక మాట. "ఇవన్నీ వస్తే మన సంస్కృతి పాడైపోద్ది" అనే వాదన నాకు నచ్చదు. మన పిల్లలు కారు రేసు ఆడితే థింసా చచ్చిపోదు. విశాఖపట్నం మాల్‌లో పిల్లలు ఆడుకుంటే వినోదం, అదే ఆట మన గుంటలు ఆడితే చెడిపోవడమా? పైగా ఫోను ఇప్పటికే ప్రతి జేబులో ఉంది. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిందంటే, అవి ఎంతమంది ఇళ్ళు ముంచాయో ఊహించుకోండి. దుప్పట్లో దూరి ఆడే ఫోను కంటే నలుగురి ముందు నిలబడి ఆడే మిషన్ నయం. అక్కడ మావయ్య చూస్తాడు, మాస్టారు చూస్తారు, "ఇంక చాలు, ఇంటికెళ్ళు" అనేవాళ్ళుంటారు.

ఇప్పుడు లాభం లెక్క. ఆటకి 20 రూపాయలు, చలికాలం సీజన్లో రోజుకి 40 ఆటలు అనుకుందాం. రోజుకి 800, నెలకి 24 వేలు, అందులో కొట్టు వాటా 12 వేలు. ఇడ్లీ పిండి రుబ్బకుండా వచ్చే 12 వేలు చిన్న విషయం కాదు. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దోళ్ళు ఇంకో కాఫీ తాగుతారు, అది అదనం. కానీ వర్షాకాలంలో రోజుకి 5 ఆటలే పడితే? నెలకి 3 వేలు, కొట్టు వాటా 1,500. అందులోంచే కరెంటు బిల్లు కట్టాలి. బేరం చెప్పేవాడు ఎప్పుడూ డిసెంబరు లెక్కే చెప్తాడు, ఆగస్టు లెక్క చెప్పడు.

ఆ బొమ్మల మిషన్ గురించి మాత్రం విడిగా చెప్పాలి. చూడ్డానికి చెయ్యి తిరిగినోడు గెలిచే ఆటలా ఉంటుంది. కానీ ఇలాంటి చాలా మిషన్లలో గోళ్ళ పట్టు ఎంత గట్టిగా ఉండాలి, ఎన్ని ఆటలకోసారి గట్టిగా పట్టాలి అన్నది లోపలి సెట్టింగులో ఉంటుంది. పదిహేను ఆటలకోసారి అని పెడితే మిగతా పద్నాలుగు సార్లు నువ్వు ఎంత గురి చూసినా బొమ్మ జారిపోద్ది. అంటే ఒక బొమ్మకి 300 రూపాయలు వసూలయ్యాక గానీ మిషన్ వదలదన్నమాట. జారిపోయిన ప్రతిసారీ "కొంచెంలో పోయింది" అనిపించడమే దాని వ్యాపారం. మన జాతరల్లో గుండాట బల్ల వేసినోడు కూడా ఇదే చేస్తాడు కదా. గుండాట వేస్తే పోలీసులు వచ్చి బల్ల పట్టుకుపోతారు. దీనికి రంగురంగుల లైట్లు ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగరు.

చట్టం కూడా ఈ సంగతి గమనించింది. ఎం.జె. శివాని కేసులో 1995లో సుప్రీంకోర్టు వీడియో గేమ్ పార్లర్లు కూడా లైసెన్సు నిబంధనల కిందికే వస్తాయని చెప్పింది. మిషన్‌ని ఆడేవాడు గెలవకుండా మార్చెయ్యొచ్చు అన్న విషయం ఆ కేసులోనే చర్చకి వచ్చింది. మన రాష్ట్రంలో గేమింగ్ చట్టం 1974లో వచ్చినప్పుడు కేవలం నైపుణ్యం మీద ఆధారపడే ఆటల్ని మినహాయించింది. సెట్టింగు యజమాని చేతిలో ఉన్న ఆటలో మన నైపుణ్యం ఎంత? రేపు కేసైతే మైదానంలో ఉన్న మిషన్ యజమాని కంటే ముందు పోలీసులకి దొరికేది గుమ్మంలో కూర్చున్న మన కొట్టువాడే.

అసలు విషయానికొస్తున్నాను. 1/70 చట్టం వల్ల షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. బినామీల కథలు మనకి తెలుసు, అయినా ఆ గోడ ఇంకా నిలబడి ఉంది. మిషన్‌కి భూమి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేదు, పట్టా లేదు. మన గుమ్మం, మన కరెంటు, మన పేరు మీద కొట్టు. డబ్బుల పెట్టె తాళం మాత్రం ఆయన దగ్గర. వారానికోసారి వచ్చి తాళం తీసి ఎంతొచ్చిందో ఆయనే చెప్తాడు. ఒకప్పుడు సంతల్లో అడ్డపిక్కలు, చింతపండు కొనేవాడి తూకం గురించి మన తాతలు చెప్పుకున్నవి విన్నారు కదా, ఆ కాటా మాట్లాడేది కూడా కొనేవాడి భాషే.

ఇక్కడ అమెరికా ఆదివాసీల అనుభవం ఒకటి చెప్పుకోవాలి. వాళ్ళవి జూదం మిషన్లు, మనకి అవి వద్దే వద్దు. కానీ యాజమాన్యం విషయంలో వాళ్ళు సాధించుకున్నది చూడండి. 1987లో కాబజాన్ తెగ వాళ్ళ సుప్రీంకోర్టులో గెలిచాక, 1988లో ఇండియన్ గేమింగ్ రెగ్యులేటరీ చట్టం వచ్చింది. దాని ప్రకారం తెగ నడిపే ఆటశాలకి యజమాని తెగే అయ్యుండాలి. మిగిలిన ఆదాయం తెగ పాలనకి, సభ్యుల సంక్షేమానికి, అభివృద్ధికి లాంటి పనులకే వాడాలి. బయటి కంపెనీని నిర్వహణకి పెట్టుకుంటే దానికిచ్చేది మామూలుగా నికర ఆదాయంలో 30 శాతం దాటకూడదు, ఒప్పందం అయిదేళ్ళు మించకూడదు. ప్రత్యేక అనుమతితో మాత్రమే కొంచెం పెంచుకోవచ్చు. అక్కడ కోట్ల వ్యాపారంలోనే బయటివాడికి 30 దగ్గర గీత గీశారు. ఇక్కడ మనం ఒక మూల పెట్టిన మిషన్‌కి 50 ఇచ్చి, తాళం కూడా ఇచ్చి, థాంక్స్ చెప్తున్నాం.

మనకి హక్కు లేదా అంటే ఉంది. 1996 పెసా చట్టంలో గ్రామ సంతల నిర్వహణ అధికారం పంచాయతీకీ గ్రామసభకీ కలిపి రాశారు. మనోళ్ళు పెసా అనగానే ఇసుక, మైనింగు, అటవీ ఫలసాయం వరకే మాట్లాడతారు. సంత గురించి ఎవరూ మాట్లాడరు. రేపు సంత మధ్యలో, ఆశ్రమ పాఠశాల గేటు ఎదురుగా ఈ మిషన్లు దిగితే ఆపగలిగే కాగితం అదే. ఆదివారం చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు హాస్టల్ పిల్లల చేతిలో పెట్టే యాభయ్యో వందో పది నిమిషాల్లో ఆ పెట్టెలోకి పోతుంది. టూరిస్టు పిల్లాడికి 100 పోతే ఐస్‌క్రీం తగ్గుద్ది. మన పిల్లకి 100 పోతే నెలకి సరిపడా సబ్బులు, నోటుబుక్కులు పోతాయి. అందుకే నా ఉద్దేశంలో చోటుని బట్టి తేడా ఉండాలి. బయటి జనం వచ్చే చోట పెట్టనివ్వండి. సంతలో, బడి దగ్గర, హాస్టల్ దగ్గర వద్దు.

ఇంకో భయం ఉంది. రాజ్‌కోట్‌లో 2024 మే 25న గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా చనిపోయారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే అది నడిచింది. ఒక్క మిషన్‌కి అంత ప్రమాదం లేదనొచ్చు. కానీ మన కొట్లు కర్రలూ రేకులూ వేసినవి, పక్కనే గ్యాస్ పొయ్యి, పైన వేలాడే వైర్లు. వోల్టేజీ ఎలా ఎగురుద్దో చెప్పక్కర్లేదు. సరైన ఎర్తింగ్ లేని ఇనుప పెట్టెని వానాకాలం తడి చేతులతో పిల్లలు పట్టుకుంటారు. బేరం మాట్లాడినాయన ఎర్తింగ్ గురించి ఒక్క ముక్క అనలేదు, బావ అడిగితే "అదేం కాదులెండి" అన్నాడు.

మరి చెయ్యొద్దా? చెయ్యండి, కానీ మనవాళ్ళ చేతుల్లో. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రీషియన్ చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళు ఎంతమంది! ఈ మిషన్ లోపల ఉండేది ఒక స్క్రీను, ఒక బోర్డు, పవర్ సప్లై, బటన్ల కింద స్విచ్చులు, నాణెం తీసుకునే పెట్టె. ఎక్కువగా పాడయ్యేవి స్విచ్చులూ జాయ్‌స్టిక్కులే, అవి మార్చడం మన కుర్రాళ్ళకి ఒక పూట నేర్పితే వస్తుంది. నలుగురు కలిసి పాత రేసు మిషన్ ఒకటి కొని, తాళం తమ దగ్గర పెట్టుకుని, రెండు కొట్లలో మార్చి మార్చి పెట్టుకోవచ్చు. బొమ్మల మిషన్ జోలికి మాత్రం పోవద్దు. ఆటకి ఆట ఉండాలి గానీ బహుమతి ఆశ ఉండకూడదు.

బయటివాడి మిషనే పెట్టుకోక తప్పదు అనుకుంటే కనీసం ఇవి కాగితం మీద రాయించుకోండి: పెట్టెకి రెండు తాళాలు, ఇద్దరూ ఉన్నప్పుడే లెక్క, ఆటల సంఖ్య చూపే మీటరు, ఎర్తింగ్ ఖర్చు ఆయనది, కరెంటు బిల్లు పోగా మిగిలినదాంట్లో వాటా, స్కూలు వేళల్లో యూనిఫాం పిల్లల్ని ఆడనివ్వకపోవడం, మనం వద్దంటే వారంలో తీసుకుపోవడం. వీటికి ఒప్పుకోనోడు మంచి బేరం తెచ్చినోడు కాదు.

సంతలో, బడి దగ్గర ఈ మిషన్లు వద్దంటూ గ్రామసభలో పెట్టడానికి ఒక తీర్మానం ముసాయిదా రాశాను, ఒక పేజీ. పాడేరు, అరకు, చింతపల్లి వైపు వార్డు మెంబర్లుగా ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. లా చదువుతున్నవాళ్ళు అందులో తప్పులుంటే దిద్దండి.