శరత్కాలపు డేగల గణన: విస్తరణ సేవకు ఒక కొలమానం

పైరులోని పురుగును లెక్కించనిదే మందు సిఫారసు చేయరాదన్నది సస్యరక్షణలో తొలి పాఠం. లింగాకర్షక బుట్టల్లో పడే రెక్కల పురుగులకూ, దుబ్బుకు కనిపించే దోమలకూ లెక్క ఉంది. పొలంలో పక్షి స్థావరాలు నిలపాలని చెప్పే విస్తరణ వ్యవస్థ వాటిపై వాలే పక్షులను లెక్కించడం మాత్రం అరుదు. శరదృతువులో వలస డేగల గణన ఈ లోటును కొంతవరకు తీర్చగలదు.

నాగాలాండ్‌లోని డోయాంగ్ జలాశయం వద్ద విడిది చేసే అమూర్ డేగలు ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరతాయి. 2013 నవంబరులో ఉపగ్రహ పరికరాలు అమర్చిన పక్షులు ఆంధ్రప్రదేశ్ మీదుగా ప్రయాణించాయి. ఉసుళ్లు, మిడతలు, తూనీగలు వీటి ఆహారం. శీతకాలమంతా ఇక్కడి మైదానాల్లో గడిపే హారియర్ గద్దలు మిడతలతో పాటు చిన్న ఎలుకలనూ తింటాయి.

పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌పై 1934లో గణన మొదలైంది. బాల్డ్ ఈగిల్ గద్దల్లో లేత వయసువాటి వాటా తగ్గిందని ఆ అంకెలు తెలిపాయి. 1962లో రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’లో వాటినే డీడీటీకి వ్యతిరేకంగా సాక్ష్యంగా చూపారు. నేడు మన ముందున్న ప్రశ్న బ్రోమాడియోలోన్ ఎర. అది తిన్న ఎలుకను తినే పక్షికీ విషం సోకుతుంది.

వరి, చెరకు పొలాలు తూర్పు కనుమల పాదాలను తాకే నర్సీపట్నం ఇందుకు అనువైన చోటు. అనకాపల్లి, చింతపల్లి పరిశోధన స్థానాలు రెండూ దీనికి చేరువే. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకే గుట్టపై, ఒకే వేళల్లో ఇద్దరు విద్యార్థులు బైనాక్యులర్లతో నిలిచి జాతి, సంఖ్య, గాలి దిశ, మబ్బు, పరిశీలించిన గంటలు నమోదు చేస్తే చాలు. పోల్చుకోలేని పక్షిని ‘గుర్తించనిది’ అనీ, ఏదీ కనిపించని రోజున సున్నా అనీ రాయాలి.

ఇది పక్షి శాస్త్రజ్ఞుల పని అనీ, తుపానుల కాలంలో తీసిన అంకెలు నిలకడగా ఉండవనీ ఆక్షేపించవచ్చు. అయితే మందుల సిఫారసు వ్యవసాయ శాస్త్రజ్ఞులదే కనుక దాని పర్యవసానాన్ని గమనించే బాధ్యతా వారిదే. రెండవ ఆక్షేపణ సహేతుకం. అందుకే మొత్తం సంఖ్యను కాక, గంటకు కనిపించిన పక్షుల సంఖ్యను పలు సంవత్సరాల పాటు పోల్చాలి. విద్యార్థుల బృందం ఏటా మారినా నమోదు పుస్తకం పరిశోధన స్థానంలోనే ఉండాలి. తొలి పదేళ్లలో ఈ లెక్క ఏ సిఫారసునూ మార్చకపోవచ్చు. పదకొండో ఏట పక్షులు తగ్గితే, ఆ తగ్గుదలను పోల్చి చూడటానికి ఆ పదేళ్ల అంకెలే ఆధారం.